కొత్తింట్లో మూడు నిద్రలు అయ్యాక ఏం చేయాలి?

పాలు పొంగించిన ఇంట్లో మూడు రాత్రులు నిద్ర చేయాలని పెద్దవాళ్ళు పట్టుబడతారు. ఎందుకని అడిగితే శాస్త్రం అంటారు. శాస్త్రం సంగతి నాకు తెలీదు గానీ, కట్టిన ఇంటికి ఆ మూడు రాత్రులకు మించిన పరీక్ష లేదు. మేం కర్నూల్లో కల్లూరు వైపు ఇల్లు కట్టుకుని మాఘమాసంలో చేరాం. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఉన్నది మట్టి మిద్దె. ఆ ఇంట్లో కరెంటు పోయినా చెయ్యి చాపితే చెంబు ఎక్కడుందో తెలిసేది. కొత్తింట్లో మొదటి రాత్రి బాత్రూం స్విచ్ కోసం గోడంతా తడుముకున్నాను.

మీరూ ఇప్పుడే చేరి ఉంటే ముందుగా ఒక నోటుబుక్కు కొనుక్కోండి. ఇల్లు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసేదాకా కనబడిందల్లా అందులో తేదీ వేసి రాసుకోండి. ప్రాణం మీదికొచ్చేవి తప్ప మిగతా రిపేర్లకూ, సోకులకూ ఆ ఏడాది డబ్బు తీయకండి. మేస్త్రీకి ఇవ్వాల్సిన చివరి బిల్లులో కొంత మొదటి పెద్ద వాన దాకా ఆపుకుంటానని ముందే మాట చేసుకుంటే ఇంకా మంచిది. పూర్తిగా ఇచ్చేశాక ఫోన్ ఎత్తే మేస్త్రీలు తక్కువ.

ఆ మూడు రాత్రులు

మొదటి రాత్రి పడుకునే ముందు మోటారు ఆపి, అన్ని కుళాయిలూ కట్టేసి, మిద్దె మీద ట్యాంకులో ఒక కర్ర ముంచి నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. పొద్దున ఎవరూ లేవకముందే మళ్ళీ ముంచి చూడండి. మట్టం దిగితే నీళ్ళు ఎక్కడో పోతున్నట్టే. చాలాసార్లు దొంగ ఫ్లష్ ట్యాంకే. అందులో నాలుగు చుక్కలు ఉజాలా వేసి అరగంట వదిలేయండి, ఎవరూ వాడకుండానే కింద నీలం కనబడితే లోపలి వాషర్ సరిగ్గా కూర్చోలేదు. ఫ్లష్ ట్యాంకులన్నీ బాగుండి కూడా నీళ్ళు తగ్గుతుంటే గోడలోని పైపు అనుమానించాలి. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా ప్లంబర్‌ని పిలవండి.

రెండో రాత్రి కరెంటు పని. ఇంట్లో ఒకరిని గదులు తిరగమని, మీరు బోర్డు దగ్గర నిలబడి ఎంసీబీలు, అంటే ఒక్కో లైనును విడిగా ఆపే స్విచ్చులు, ఒక్కొక్కటే దించండి. ఏది దించితే ఏ గది ఆరిందో చిన్న కాగితం మీద రాసి అక్కడే అంటించండి. కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్‌ని ఆర్‌సీసీబీ అంటారు. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే, షాక్ కొట్టినప్పుడు కూడా పడదు. ఆ బటన్ నెలకోసారి నొక్కడం అలవాటు చేసుకోండి. మా ఇంట్లో వంటింటి ఫ్రిజ్‌కీ, మెట్ల లైటుకీ ఒకటే ఎంసీబీ అని ఆ రాత్రే తెలిసింది. ఎందుకలా చేశావయ్యా అంటే ఎలక్ట్రీషియన్ ‘వైరు దగ్గర పడింది సార్’ అన్నాడు.

మూడో రాత్రి హాయిగా పడుకోండి. బాత్రూముల్లో బకెట్ నీళ్ళు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూసే పని పగలు పెట్టుకోవచ్చు.

గోడలు తాగిన నీళ్ళు

కొత్తింట్లో అందరూ మరిచిపోయే సంగతి ఇది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి నాలుగు వందల బస్తాల దాకా సిమెంటు పడుతుంది. 50 కిలోల బస్తాకి 25 లీటర్ల నీళ్ళు కలిపారనుకున్నా, కలిపినవే 10,000 లీటర్లు. పైన క్యూరింగ్‌కి రోజూ పైపు పెట్టి తడిపిన నీళ్ళు లెక్కలో లేవు. కలిపినదాంట్లో సగానికి కాస్త అటూ ఇటూగా సిమెంటుతో కలిసి గట్టిపడుతుంది. మిగిలిందంతా గోడల్లోంచి, శ్లాబులోంచి మెల్లగా బయటికి రావాల్సిందే. ఇల్లు పూర్తిగా ఆరడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

అందుకని మొదటి కొన్ని నెలలు, ఎండాకాలం పగళ్ళు తప్ప, కిటికీలు బార్లా తెరిచి పెట్టండి. దుమ్ము వస్తుందని మూసుకుంటే రంగు వాసనా పోదు, తడీ పోదు. బీరువా, మంచం తలవైపు గోడకు ఆనించకుండా మూడు నాలుగు అంగుళాలు జరిపి వేయండి. గోడలో కట్టిన సిమెంటు అల్మారాల్లో పట్టుబట్టలు మొదటి ఏడాది పెట్టొద్దు. మా ఆవిడ మా పెళ్ళి నాటి ధర్మవరం చీర కొత్త అల్మారాలో భద్రంగా దాచింది. శ్రావణ శుక్రవారం నాడు తీస్తే మడతల వెంట బూజు చుక్కలు. అల్మారా వెనక గోడ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. తడికి ఇంకో గుర్తు అక్కర్లేదు.

గోడ అడుగున తెల్లగా పొడిలా ఉప్పు లేస్తే కంగారు పడకండి. ఇటుకలోనూ ఇసుకలోనూ ఉన్న ఉప్పు తడితో పాటు బయటికొచ్చి, తడి ఆరిపోయి అది మిగులుతుంది. పొడి బ్రష్‌తో దులపండి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. దాని మీద పుట్టీ పెట్టి రంగేస్తే రెండు నెలల్లో పొట్టు పొట్టుగా రాలుతుంది. ఉప్పు రావడం దానంతటదే ఆగాకే రంగు. ఏడాది దాటినా ఆగకుండా ఒకేచోట లేస్తుంటే మాత్రం అక్కడికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతకాలి.

మేకు కొట్టే ముందు

దేవుడి పటాలు, పెళ్ళి ఫోటో, టీవీ, అద్దం. మొదటి వారమే డ్రిల్లింగ్ మిషన్ వాడిని పిలుస్తారు. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా, కుళాయిలకు నేరుగా పైనా పక్కనా కొట్టనివ్వకండి. వైర్ల పైపులు సాధారణంగా బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకి పోతాయి. ప్లాస్టరింగ్‌కి ముందు గోడలకు ఫోటోలు తీసుకుని ఉంటే మీరు అదృష్టవంతులు. లేకపోతే పని చేసిన ప్లంబర్‌ని, ఎలక్ట్రీషియన్‌ని వాళ్ళకు గుర్తున్నప్పుడే పిలిపించి, ప్రతి గోడకీ బొమ్మ గీయించుకోండి. నాలుగు నెలలైతే వాళ్ళూ మరిచిపోతారు.

బండలూ, పులుపూ

మన రాయలసీమ జిల్లాల ఇళ్ళకు బేతంచర్ల బండలో, తాడిపత్రి బండలో, వంటింటి గట్టుకు కడప నల్ల బండో తప్పకుండా ఉంటాయి. ఇవన్నీ సున్నపురాయి జాతివి. సున్నపురాయికీ పులుపుకీ పడదు.

గృహప్రవేశానికి ముందు రోజు బండల మీది సిమెంటు మరకలు పోవాలని పనివాళ్ళు యాసిడ్ పోసి చీపురుతో రుద్దారు. సుయ్‌మని నురగ లేచింది. మరకలు పోతున్నాయని సంతోషించాం. పోయింది మరకలతో పాటు బండల పాలిష్. వరండాలో ఆ ముక్క ఇప్పటికీ చాక్‌పీసు రుద్దినట్టు ఉంటుంది. సిమెంటు మరకలను తడిగుడ్డ వేసి నానబెట్టి, చెక్క ముక్కతో గీకించండి. ఓపిక పని, కానీ బండ బతుకుతుంది.

వంటింట్లోనూ అదే కథ. పులుసుకి చింతపండు నానబెట్టిన గిన్నె అడుగు తడిగా ఉండగా గట్టు మీద రాత్రంతా ఉండిపోయింది. పొద్దున గిన్నె తీస్తే నల్ల బండ మీద బూడిదరంగు చక్రం, గిన్నె అంచు ఎంతుందో అంతే గుండ్రంగా. సబ్బుతో పోలేదు, పీచుతో పోలేదు, ఎందుకంటే అది మరక కాదు, రాయే కరిగింది. కాస్త కొబ్బరినూనె గుడ్డతో రాస్తే కొన్నాళ్ళు నలుపు తిరిగొస్తుంది. నిమ్మచెక్క, మజ్జిగ, చింతపండు ఏది ఒలికినా అప్పటికప్పుడు తుడిచేయడమే మందు. గ్రానైట్ గట్టు వేయించుకున్నవాళ్ళకు ఈ టెన్షన్ లేదు.

నీళ్ళ గురించి రెండు ముక్కలు. కొత్త సిమెంటు సంపులో నీళ్ళు సున్నం రుచి వస్తాయి. తాగడానికీ వంటకీ వాడే ముందు రెండు మూడుసార్లు నింపి, ఒకటి రెండు రోజులు ఉంచి, ఖాళీ చేయండి. కుళాయిల మూతి దగ్గరుండే చిన్న జాలీలు విప్పితే పైపులు కోసినప్పటి పొట్టు, ఇసుక దొరుకుతాయి. షవర్ సన్నగా వస్తోందని ప్రెషర్ పంపు కొనబోయే ముందు ఆ జాలీ విప్పి చూడండి.

మొదటి ఎండాకాలం

కర్నూల్లో మే నెలంటే 42, 43 డిగ్రీలు మామూలే. పాత మిద్దె ఇంట్లో మనకిది అంతగా తెలిసేది కాదు. మందపాటి గోడలు, పైన మూరెడు మట్టి, దాని మీద ఏటా వానలకు ముందు పోయించే సౌడు మట్టి, వేడిగాలి పోవడానికి గవాచి. కొత్తింటి శ్లాబు మందం ఐదంగుళాలు. పగలంతా ఎండ తాగి, చీకటి పడ్డాక మన నెత్తిన కక్కుతుంది. రాత్రి పది దాటినా ఫ్యాన్ వేడిగాలినే తిప్పుతుంటుంది. ఇంత డబ్బు పోసి పొయ్యిలో ఇల్లు కట్టుకున్నామా అని మొదటి ఏప్రిల్‌లో అనిపించని వాళ్ళు లేరు. వెంటనే పోయి గదికో ఏసీ కొనకండి. ఈ వరసలో చేసి చూడండి.

ఉగాది లోపు మిద్దె మీద కడిగి, తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. బండ సున్నం నానబెట్టి, వడగట్టి, కాస్త జిగురు కలిపితే వానదాకా నిలుస్తుంది. వేసేటప్పుడు కళ్ళలో పడకుండా అద్దాలు పెట్టుకోమనండి. తెల్లటి మిద్దె ఎండను వెనక్కి కొడుతుంది, శ్లాబు తాగే వేడే తగ్గుతుంది. మాకైతే మధ్యాహ్నం పై గదిలో కూర్చోగలిగేంత తేడా వచ్చింది. డబ్బుంటే తెల్ల కూల్ రూఫ్ పెయింటో, తెల్ల టైల్సో వేయించుకోవచ్చు గానీ, మొదటి ఏడు సున్నమే చాలు. పడే వానను బట్టి మిద్దె మీద ఏం వేయించాలో తర్వాత తేలుతుంది.

తర్వాత కిటికీల టైం టేబుల్. పొద్దున ఎనిమిదిన్నర కల్లా తలుపులు, కిటికీలు మూసేయాలి. సాయంత్రం బయట చల్లబడ్డాక అన్నీ తెరిచి తెల్లారే దాకా వదలాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పడమటి కిటికీకి లోపల ఎంత మందం కర్టెన్ వేసినా లాభం తక్కువ, అద్దం దాటిన ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసింది. కిటికీకి బయటి వైపు వట్టివేళ్ళ తడికో, గోనెపట్టానో, ఏదీ లేకపోతే పాత దుప్పటో కట్టండి. చూడ్డానికి బాగుండదు, నిజమే. జూన్ దాకే కదా.

కూలర్ కొంటే దాని మొహం గదిలోకి, వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదురు కిటికీ కాస్త తెరిచి పెట్టాలి. గాలి బయటికి పోయే దారి లేకపోతే గంటలో గదంతా ఉక్క. సాయంత్రాలు శ్లాబు మీద నీళ్ళు చల్లే అలవాటు మాత్రం నాకు నచ్చదు. ట్యాంకర్ కొనుక్కునే రోజుల్లో బిందెల కొద్దీ నీళ్ళు ఆవిరి చేయడం తప్ప మిగిలేది లేదు. దానికన్నా చాప పట్టుకుని మిద్దె ఎక్కి పడుకోవడం మేలు.

గుమ్మంలో ఉట్టి కట్టిన బూడిద గుమ్మడికాయను ఈ ఎండల్లో వారానికోసారి నొక్కి చూడండి. మెత్తబడ్డాక వదిలేస్తే ఒక మధ్యాహ్నం దానంతటదే కిందికొస్తుంది, తెల్లగోడ మీద చారలు పెట్టి మరీ.

మొదటి వాన, నల్లరేగడి

మే ఆఖర్లో మిద్దె ఎక్కి, నీళ్ళు పోయే పైపుల మూతుల్లో చెయ్యి పెట్టి చూడండి. మేం చూడలేదు. జూన్‌లో మొదటి వానకే మిద్దె మీద చీలమండ లోతు నీళ్ళు. గొడుగు పట్టుకుని ఎక్కి, పైపులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగితే చిరిగిన సిమెంటు సంచి, పురికొస, నిమ్మకాయంత గట్టిపడ్డ సిమెంటు మాలు ముద్ద వచ్చాయి. కడుపులో ఏదో అడ్డం పోయినట్టు గుళగుళమని నీళ్ళన్నీ దిగాయి. వీలైతే వానలకు ముందే ఆ మూతులు గుడ్డలతో మూసి, మిద్దె మీద అంగుళం ఎత్తు నీళ్ళు ఒక రోజంతా నిలబెట్టి, కింద సీలింగ్ చూడండి. తడి మరక కనబడితే మేస్త్రీకి ఇవ్వకుండా ఆపిన డబ్బు అప్పుడు అక్కరకొస్తుంది.

మీ స్థలం ఎర్రనేల అయితే ఈ తర్వాతి సంగతి పైపైన చదవండి. నల్లరేగడి అయితే ఆగి చదవండి. రేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. పొలంలో అది మంచి గుణం. ఇంటి కింద అయితే ఇల్లు ఒక పక్క లేచి, ఒక పక్క కుంగుతుంది. ఉబ్బడం కన్నా, ఒక మూల తడిగా, ఇంకో మూల పొడిగా ఉండటం ప్రమాదం. కాబట్టి మీరు చేయాల్సింది గోడ వార నేలను ఎప్పుడూ ఒకే తీరుగా ఉంచడం. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాటంగా బండలు పరిపించండి. మిద్దె నీళ్ళ పైపు గోడ మొదట్లో వదలకుండా కాలువ దాకా పొడిగించండి. బయటి కుళాయి చుక్కలు కారుతుంటే ఆ రోజే వాషర్ మార్చండి. అంట్లు తోమిన నీళ్ళు వృథా కాకూడదని మా ఆవిడ వంటింటి గోడ పక్కనే అరటి పిలక పెట్టింది. ఆలోచన మంచిదే, చోటే తప్పు. ఒక మూల మాత్రమే ఏడాది పొడుగునా తడి. పిలకను కాంపౌండ్ మూలకి మార్చడానికి ఇంట్లో రెండు రోజులు మాటల్లేకుండా గడపాల్సి వచ్చింది.

పగుళ్ళు రానే వస్తాయి. పిల్లరూ ఇటుక గోడా కలిసేచోట వెంట్రుకలాంటి గీత కనబడితే అది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వేడికీ తడికీ కాంక్రీటు ఒకలా, ఇటుక ఇంకోలా కదులుతాయి. ప్రతి పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి, పక్కన తేదీ వేయండి. నెల తర్వాత గీత దాటి పాకిందేమో చూడండి. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా మొదలై పెరుగుతుంటే, ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా పోతుంటే, సందులో రూపాయి బిళ్ళ అంచు దూరుతుంటే నోటుబుక్కు పట్టుకుని ఇంజనీరు దగ్గరికి వెళ్ళండి. ‘ఏం కాదు సార్, లప్పం పెడదాం’ అనే మాట దగ్గర ఆగిపోవద్దు.

వానాకాలంలో తలుపులు బిగుసుకుంటాయి. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. తడికి ఉబ్బిన చెక్క చలికాలానికి మళ్ళీ తగ్గుతుంది. ఇప్పుడు గీయిస్తే సంక్రాంతికి ఆ సందులోంచి తేలు వస్తుంది. ఇది ఊరికే అనడం లేదు. కొత్త వెంచర్లలో పక్క ప్లాట్లన్నీ కంపతో నిండి ఉంటాయి. తలుపుల కింద రబ్బరు పట్టీ వేయించండి, మిగిలిన ఇటుకలూ సెంట్రింగ్ చెక్కలూ ఇంటి పక్కన కుప్పగా ఉంచకండి, చెప్పులు విదిలించి తొడుక్కోండి. పాము కరిస్తే నాటుమందుల జోలికి పోకుండా 108కి ఫోన్ చేయండి.

పెద్దవాళ్ళకు కొత్తిల్లు

పిల్లలు వారంలో అలవాటు పడతారు. మా జేజికి, అంటే మా అవ్వకు, ఎనిమిది నెలలు పట్టింది. ఆమెకు ఏ గదీ నచ్చలేదు. నున్నటి టైల్స్ మీద అడుగు తీసి అడుగు వేయడానికి భయం. రాత్రి లేస్తే గోడ పట్టుకుని నడిచే మనిషి, ఇక్కడ హాల్లో ఎంత నడిచినా గోడ చేతికి దొరకదు. ఆమె మంచం నుంచి బాత్రూం దాకా గరుకు చాప వేశాం, దారిలో చిన్న బెడ్‌లైటు రాత్రంతా వెలిగించాం, బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ మూడూ సోఫా కన్నా ముందు కొనండి.

అవన్నీ చేసినా ఆమె ముభావంగానే ఉండేది. పాత ఇంటికి అరుగు ఉండేది, పొద్దు వాలితే దాని మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను పలకరించేది. కొత్తింటికి ఆరడుగుల గేటు. ఒకరోజు గేటు సందులోంచి కూరగాయల బండి అతనితో మాట్లాడుతూ నిలబడి ఉంది. మిగిలిపోయిన బేతంచర్ల బండ ఒకటి, ఎనిమిది ఇటుకలు తీసి గేటు బయట, కాలువ మీద కాకుండా మా హద్దు లోపలే, చిన్న అరుగు కట్టించాను. మర్నాటి నుంచి వీధిలో ఎవరింటికి నీళ్ళు ఎప్పుడొస్తాయో, చెత్త బండి ఎన్నింటికి వస్తుందో, పాలు ఎవరి దగ్గర చిక్కగా ఉంటాయో మాకు ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

కాగితాలు

ఇల్లు కట్టేటప్పుడు తీసుకున్న కరెంటు కనెక్షన్‌ను గృహ వినియోగం కిందికి మార్పించుకోండి, లేకపోతే ఎక్కువ రేటు బిల్లు వస్తూనే ఉంటుంది. ఇంటి పన్ను వేయించుకోవడానికి వార్డు సచివాలయంలో అడగండి. ఆధార్, గ్యాస్, బ్యాంకు అడ్రసులు మార్చండి. మోటారు, గీజర్, కుళాయిల బిల్లులు, వారంటీ కార్డులు, ప్లాను, గోడల బొమ్మలు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి.

రెండో ఏడు

నోటుబుక్కు ఇప్పుడు తీయండి. వాన మరక ఎక్కడ పడింది, ఏ పగులు ఆగింది, ఏ గది ఎండకు కాలింది, ఏ ప్లగ్ పాయింట్ ఒక్కసారీ వాడలేదు అన్నీ అందులో ఉంటాయి. మేం మూడు ఏసీలు అనుకున్నవాళ్ళం ఒకటితో సరిపెట్టాం, ఆ డబ్బుతో మిద్దెకు తెల్ల టైల్స్ వేయించాం. పగుళ్ళు నింపి, ఉప్పు లేచిన చోట పుట్టీ పెట్టి, రంగు వేయించే పని సంక్రాంతి అయ్యాక, ఎండలు ముదరక ముందు పెట్టుకోండి. అప్పటికి గోడలు బాగా ఆరి ఉంటాయి. పెయింటర్‌కి మాత్రం కార్తీకంలోనే చెప్పి ఉంచండి, మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలైతే దొరకడు.